మ్యాప్‌లో కూర్మయ్య మావ పేరు రాసింది నేనే

నిన్న పొద్దున ఆరున్నరకి ఫోన్ మోగింది. పలాసలో మా డాబా మీద బ్రష్ చేసుకుంటున్నాను. కూర్మయ్య మావ కూతురు పార్వతి.

"నాన్న పోనాడు బావా" అంది.

మళ్లీ చెప్పమన్నాను. వినపడక కాదు.

మావ నాకు చుట్టం కాదు. అక్కుపల్లికి కాస్త అవతల, సముద్రం ఒడ్డున చిన్న ఊరు వాళ్లది. చేపల వేట. నేను ఖనిజాల సర్వేలో కాంట్రాక్టు మీద ఫీల్డ్ అసిస్టెంట్‌ని. మన తీరంలో నల్ల ఇసుక ఎక్కడెక్కడ ఉండొచ్చో మ్యాప్ మీద పెట్టడం మా పని. ఫోన్లకీ, ఎలక్ట్రిక్ బళ్ల మోటార్లకీ కావాల్సిన ఖనిజాలు ఆ ఇసుకలో ఉంటాయి.

శాంపిల్ సంచులు మొయ్యడానికని మావని రోజు కూలికి పెట్టుకున్నాం. రెండో రోజుకే ఎవరు ఎవరికి అసిస్టెంటో తెలిసిపోయింది.

ఒడ్డున ఒక చోట ఇసుక కాటుకలా నల్లగా ఉంది. నేను ఎగిరి గంతేసి సంచి తెరిచాను. మావ చెయ్యి పట్టుకుని ఆపేశాడు.

"ఇది తుపానుకి పైకి తేలిన ఇసక అల్లుడూ. సంద్రం తెల్లది అట్టుకుపోయి నల్లది ఒగ్గేసింది. రెణ్ణెల్లాగి రా, ఇక్కడంతా తెల్లగుంటాది. అప్పుడు నీ మ్యాపు అబద్దమైపోద్ది."

రెండు నెలలాగి వెళ్లాను. తెల్లగానే ఉంది.

అప్పుడు వెనకాల ఉన్న ఇసుక దిబ్బ దగ్గరికి తీసుకెళ్లి, అక్కడ తవ్వి చూడమన్నాడు. పైన తెల్లగా, మోకాలి లోతు నుంచి నల్లగా. మా టీమ్‌కి దొరికిన వాటిలో మంచి శాంపిల్ అదే.

దాన్ని చేపల బుట్టలో పెట్టి మోశాడు. ఆఫీసులో మా సార్ సంచి విప్పి, "ఈ ఖనిజానికి ఎండుచేపల వాసన ఎందుకొస్తుందయ్యా?" అని అడిగారు. మావకి చెప్తే వారం రోజులు నవ్వాడు.

ఇక నా తప్పు సంగతి.

మా పనిలో ప్రతి చోటుకీ ఒక పేరు రాయాలి. గుడి ఉంటే గుడి పేరు, తోట ఉంటే తోట పేరు. ఆ దిబ్బకి పేరు లేదు. మావ మీద ప్రేమతో "కూర్మయ్య దిబ్బ" అని టైప్ చేశాను. ఆయన్ని అడగను కూడా అడగలేదు. గౌరవం ఇస్తున్నాననుకున్నాను.

మ్యాప్ వచ్చింది. దిబ్బ మీద ఎర్ర రంగు, పక్కనే మావ పేరు. ఎవరో ఫొటో తీసి ఊరి వాట్సాప్ గ్రూప్‌లో పెట్టారు.

ఎర్ర రంగు అంటే ఖనిజం ఉండే అవకాశం ఎక్కువని మాత్రమే. రేపు తవ్వేస్తారని కాదు. కానీ పోర్టు కోసం మూలపేట వైపు ఇళ్లు ఖాళీ చేయించడం చూసినవాళ్లకి ఆ తేడా ఎవరు చెప్పాలి?

నేను చెప్పాలి. చెప్పలేదు.

ఆ దిబ్బని కూర్మయ్యే అమ్మేశాడన్నారు ఊళ్లో. సంతకం పెట్టేశాడన్నారు.

వాళ్ల ఊళ్లో ఆదివారం అందరూ కలిసి ఒడ్డు నుంచి పెద్ద వల లాగుతారు. తాడు పట్టిన ప్రతి మనిషికీ చేపల్లో వాటా. ముసలివాళ్లు ఊరికే చెయ్యి వేసినా చాలు, పిలిచి మరీ పట్టిస్తారు. మావని పిలవడం మానేశారు. తనే వెళ్లి తాడు పడితే, పక్కవాళ్లు వదిలేసి దూరంగా జరిగారట.

అప్పుడు నాకు ఫోన్ చేశాడు. తిట్టలేదు.

"నా పేరేల రాసినావు అల్లుడూ? నాను సూపింది ఇసక, ఊరు కాదు. ఒక్క ఆదారం రా. వల కాడ నిలబడి సెప్పు, ఆ పేరు నువ్వే రాసినావని, నాను ఏ కాయితం మీదా సంతకం ఎట్టనేదని. నా మాట ఎవులూ ఇనరు. నీ మాట ఇంతారు."

ఈ ఆదివారం వస్తాను మావా, అన్నాను.

అలా ఎన్ని ఆదివారాలు అన్నానో. ఒకసారి టెక్కలిలో పెళ్లి. ఒకసారి బండి రిపేరు. అన్నీ సాకులే. ఊరంతా నా మీద పడతారని భయం. పేరు మార్చమని ఆఫీసులో ఒక లెటర్ ఇచ్చి, నా పని అయిపోయిందనుకున్నాను.

నిన్న వెళ్లాను.

ఊరంతా ఉంది. పాడె మొయ్యడానికి మాత్రం అందరూ వచ్చారు.

అత్త నన్ను చూసి ఏడవలేదు. "నువ్వొత్తావని ఆదారం ఆదారం ఒడ్డుకెళ్లి కూకునేవోడు బాబూ" అంది.

అక్కడే చెప్పాల్సింది. వల లాగేవాళ్లందరూ ఎదురుగానే ఉన్నారు. దండ వేసి, బండెక్కి వచ్చేశాను. సిగ్గుగా ఉంది.

అందుకే ఇక్కడ రాస్తున్నాను. వాళ్ల ఊరి గ్రూప్‌లో పెట్టమని పార్వతికి కూడా పంపాను.

కూర్మయ్య మావ ఏదీ అమ్మలేదు. ఎక్కడా సంతకం పెట్టలేదు. ఆ దిబ్బ ఆయనది కాదు. ఆ పేరు పెట్టమని ఆయన అడగలేదు. నేను రాశాను. మీ కోపం ఏదైనా ఉంటే నా మీద చూపించండి.

ఈ ఆదివారం వల దగ్గరికి వస్తాను. ఇదే మాట నోటితో చెప్తాను.

నా కోసం ఒడ్డున ఎవరూ కూర్చుని ఉండరు.

సెలవు మావా. ఎవరికీ సంజాయిషీ చెప్పుకోనక్కర్లేని చోట, హాయిగా ఉండు.