మంచులో స్కాట్లాండ్ పెద్దాయన మ్యాచ్

ముందే చెప్తున్నాను, నాకు రాయడం రాదు. ఐదో తరగతితో బడి మానేసినదాన్ని. ఉత్తరాలు తప్ప ఇంతవరకు ఏమీ రాయలేదు, ఆ ఉత్తరాల్లో కూడా సగం క్షేమసమాచారాలతోనే అయిపోయేది. ఒత్తు ఎక్కడ పెట్టాలో, దీర్ఘం ఎక్కడ తియ్యాలో ఇప్పటికీ తడబడతాను. తప్పులు చూసి నవ్వుకుంటారేమోనని భయం. అయినా రాసే తీరాలని కూర్చున్నాను. ఎందుకంటే ఇది చెప్పేవాళ్లు ఈ ఊళ్లో నేనూ మా ఆయనా తప్ప పెద్దగా మిగల్లేదు, మా ఆయన ఎలాగూ నోరు విప్పడు.

మేముండేది మిషిగన్‌లో ఫార్మింగ్టన్ హిల్స్. మా ఆయన కార్ల పార్టులు చేసే ఫ్యాక్టరీలో మెషీన్ మీద పని చేస్తాడు. నేను ఇంట్లో వండి, చుట్టుపక్కల అపార్ట్‌మెంట్లలో ఉండే చదువుకునే పిల్లలకీ, ఉద్యోగాల్లో కొత్తగా చేరినవాళ్లకీ డబ్బాలు కట్టిస్తాను. మొన్న శనివారం పొద్దున డబ్బా కోసం వచ్చిన ఒక అబ్బాయి, ఫోన్‌ని నా వంటగట్టు మీద ఆనించి ఫుట్‌బాల్ పెట్టాడు. స్కాట్లాండ్‌లో ఏదో చిన్న ఊరి మ్యాచ్ అట. సన్నగా వాన పడుతోంది, రేకుల కప్పు కింద ముసలివాళ్లు మెడకి స్కార్ఫులు చుట్టుకుని ఒకటే అరుపులు. ఆ అరుపులు చెవిన పడగానే నేను గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయాను. పోపు మాడి ఇల్లంతా పొగ. స్మోక్ అలారం మొత్తుకుంటుంటే ఆ అబ్బాయి కుర్చీ ఎక్కి టవల్‌తో విసురుతూ, "ఏంటి ఆంటీ, మీకు ఫుట్‌బాల్ పిచ్చి ఉందా?" అన్నాడు. "నాకు కాదు నాయనా, మా పక్కింటాయనకి" అన్నాను. పక్కింట్లో ఇప్పుడు వేరేవాళ్లున్నారు.

మేము ఈ ఇంటికి వచ్చేటప్పటికే ఆయన అక్కడ ఒంటరిగా ఉండేవాడు. పొడుగు మనిషి, ఎర్రటి ముక్కు, చలికాలమంతా మెడలో ఒకటే స్కార్ఫు. దాని రంగు మెరూన్ అనేవాడు, నా కంటికైతే నానబెట్టిన చింతపండు రంగు. స్కాట్లాండ్‌లో బొగ్గు గనుల ఊరు ఆయనది. వయసులో ఉన్నప్పుడే ఇక్కడ కార్ల ఫ్యాక్టరీలో పనికి వచ్చాడు. ఆయన ఇంగ్లీషు మా ఆయనకే కాదు, ఇక్కడ పుట్టి పెరిగినవాళ్లకి కూడా అర్థమయ్యేది కాదు. నాకు అందరి ఇంగ్లీషూ ఒకటే కాబట్టి ఇబ్బంది ఉండేది కాదు. ఇద్దరం ధైర్యంగా మాట్లాడుకునేవాళ్లం. మొదటి చలికాలంలో మేము లేచేసరికే మా డ్రైవ్‌వే మీద మంచు తీసేసి పోయేవాడు. బదులుగా నేను పులిహోర పంపిస్తే ఆయన మటన్ 'పై' అని ఒకటి చేసి పంపాడు. గుండ్రంగా, అంచులు నిలబెట్టిన పిండి గిన్నె, లోపల మిరియాలు దట్టించిన ఖీమా. వాళ్ల ఊళ్లో ఆట మధ్యలో ఆపినప్పుడు అందరూ ఇదే తింటారట, వేడి కొవ్వు గడ్డం మీదకి కారుతున్నా తుడుచుకోరట. నేను తిని ఉప్పు తక్కువన్నాను. ఆయన నా పులిహోరకి కారం ఎక్కువన్నాడు. అలా కలిసింది స్నేహం.

ఆయన ఇంటి బేస్‌మెంట్ గోడల నిండా ఫోటోలే. ఒక గోడ మీద స్కాట్లాండ్‌వి, అన్నీ నలుపు తెలుపు. మోకాళ్లు దాటిన నిక్కర్లు, గనిలోకి వేసుకునేలాంటి బరువు బూట్లు, తాడుతో బిగించిన బంతి, వెనకాల కొండంత బొగ్గు మట్టి దిబ్బ. ఇంకో ఫోటోలో ఆట చూసే జనం, టోపీ లేని తల ఒక్కటి లేదు. "ఇందులో మా నాన్న ఎక్కడున్నాడో చెప్పు" అనేవాడు. నేను ప్రతిసారీ ఏదో ఒక టోపీ చూపించేదాన్ని. ఆయన ప్రతిసారీ సంతోషంగా "కాదు" అని, తనే వేలు పెట్టి చూపించేవాడు. ఎన్నిసార్లు చూపించినా నేను గుర్తుపెట్టుకోలేదు, అన్ని టోపీల్లో ఎవరైనా ఎలా గుర్తుపెట్టుకుంటారు చెప్పండి.

రెండో గోడ మీదవి ఇక్కడివి. స్కాట్లాండ్ నుంచి ఫ్యాక్టరీ పనులకి వచ్చినవాళ్లంతా ఏటా జనవరి ఒకటిన మా ఊరి పార్కులో మ్యాచ్ ఆడేవాళ్లట. కొత్త సంవత్సరం నాడు మ్యాచ్ ఉండాల్సిందే, అది వాళ్ల దేశపు అలవాటు. ఆట అయ్యాక ఫోటో. వెనక వరుస చేతులు కట్టుకుని నిలబడాలి, ముందు వరుస ఒక మోకాలి మీద కూర్చోవాలి, ఎవరి చోటు వాళ్లదే. మొదటి ఫోటోల్లో భుజాలు రాసుకుంటూ ఉన్నారు. పోనుపోను మధ్యలో ఖాళీలు. చివరి దాంట్లో ముగ్గురే ముసలివాళ్లు, ఒకరికొకరు ఎంతో దూరంగా. నేను చూసి, "ఏం, మీ ముగ్గురికీ మాటల్లేవా?" అని అడిగేశాను. ఆయన నవ్వీ నవ్వీ దగ్గు తెచ్చుకున్నాడు. తర్వాత ఆ ఖాళీల మీద వేలు పెట్టి ఒక్కొక్క పేరే చెప్పుకుంటూ పోయాడు. ఎవరైనా పోతే వాళ్ల చోటులోకి పక్కవాళ్లు జరగకూడదు, అదీ వాళ్ల నియమం.

ఆ రోజు నాకు అన్నం సయించలేదు. నేను ఐదో తరగతిలో ఉండగా మా బడిలో పిల్లలందరికీ ఫోటో తీశారు. ఆ రోజు నేను మిరపకాయల కోతకి పోయాను. తర్వాత చూస్తే, నేను రోజూ కూర్చునే చోట నా పక్కపిల్లలిద్దరూ ఒకరి మీద ఒకరు చెయ్యేసుకుని నవ్వుతున్నారు. వాళ్ల తప్పేం లేదు. కానీ ఆ ఫోటో చూసినవాళ్లెవరికీ అక్కడ నేనొకదాన్ని ఉండేదాన్నని తెలియదు కదా.

ఆ ఏడాదే మిగిలిన ఇద్దరు స్నేహితుల్లో ఒకాయన పోయాడు, ఇంకొకాయన మనుషుల్ని గుర్తుపట్టలేక వృద్ధుల హోమ్‌లో చేరాడు. మా పెద్దాయన ఇల్లు అమ్మకానికి పెట్టాడు, ఎండలు వచ్చేసరికి అరిజోనాలో కూతురి దగ్గరికి వెళ్లిపోవాలి. డిసెంబర్‌లో బేస్‌మెంట్‌లో సామాన్లు సర్దడానికి సాయం వెళ్లి, "మరి జనవరి ఒకటి ఫోటో?" అన్నాను. "ఒక్కడితో మ్యాచ్ ఏంటి? ఆట లేకపోతే ఫోటో లేదు. ఆడకుండా దిగితే అది దొంగ ఫోటో" అన్నాడు. గోడ మీద చివరి ఫోటో పక్కన, కిందటేడే కొట్టి పెట్టుకున్న మేకు ఖాళీగా ఉంది. ఆయన దానివైపు చూడకుండా సర్దుతున్నాడు. "మ్యాచ్ ఉంటుంది" అన్నాను. ఫుట్‌బాల్‌కి ఎంతమంది కావాలో కూడా నాకు అప్పటికి తెలియదు.

ముప్పై ఒకటిన డబ్బాలకి వచ్చినవాళ్లందరికీ ఆయన సంగతి చెప్పి, రేపు పొద్దున పార్కుకి రమ్మన్నాను.

"గంత చలిల ఎవడొస్తడు ఆంటీ?" అన్నాడు వరంగల్ అబ్బాయి. "రాత్రి పార్టీ ఉంది మాకు. పొద్దున లేసుడే కష్టం."

"లేవకపోతే పడుకోరా. రేపటి మటన్ బిర్యానీ కూడా నీతోపాటే పడుకుంటుంది."

"గిదేంది ఆంటీ, బ్లాక్‌మెయిలా?"

"అవును."

వాళ్లందరిలో కాస్త పెద్దవాడు, ఉద్యోగం చేసుకునే ఒకతన్ని పిల్లలు సారు అని పిలిచేవాళ్లు. ఆయన పొట్ట నిమురుకుంటూ, "కాలు విరిగితే నా ఇన్సూరెన్స్‌కి డిడక్టబుల్ చాలా ఎక్కువ ఆంటీ, ముందు అదంతా నా జేబులోంచే కట్టాలి. పైగా హెచ్‌వన్ ఎక్స్‌టెన్షన్ పెండింగ్‌లో ఉంది" అన్నాడు.

"వీసాకీ కాలికీ ఏంటయ్యా సంబంధం?"

"ఏమో ఆంటీ, ఈ దేశంలో నాకు అన్నిటికీ భయమే."

అప్పుడు ఖమ్మం అమ్మాయి, "నేను స్కూల్లో హ్యాండ్‌బాల్ ఆడాను ఆంటీ, గోల్‌లో నేను నిలబడతా. వీళ్లని పడుకోనివ్వండి పాపం" అంది. ఆ పాపం అన్న మాటకే మగపిల్లలందరూ ఒప్పుకున్నారు.

తెల్లారి చూస్తే మడమలు మునిగేంత మంచు. పెద్దాయన కర్టెన్ తీసి చూసి, "గ్రౌండ్ పనికిరాదు. మ్యాచ్ లేదు" అనేశాడు. వాళ్ల ఊళ్లో ఇలాంటి పొద్దున ఏం చేసేవాళ్లని అడిగాను. ఊరంతా పారలు పట్టుకుని వచ్చి మంచు తీసేదట. ఆ తర్వాత రిఫరీ వచ్చి బంతిని పైనుంచి వదిలేవాడట. బంతి లేస్తే మ్యాచ్, లేవకపోతే అందరూ ఇళ్లకి. "అయితే పారలు మేం తెస్తాం, బంతి మీరు తెండి" అన్నాను.

పిల్లలు మన టైమ్‌కే వచ్చారు, అంటే ఆలస్యంగా. కళ్లు ఎర్రగా, చెవులదాకా టోపీలు. డ్రైవ్‌వే పారలతో మంచు ఎత్తి, ఖాళీ బియ్యం సంచుల్లో వేసి లాక్కుపోయారు. గ్రౌండంతా అయ్యే పని కాదని పెద్దాయన బూటు మడమతో గీత గీసి ఒక ముక్క తేల్చాడు. అంతా బాగానే ఉంది గానీ గోల్ ముందర నేల గడ్డకట్టి రాయిలా ఉంది. వంటమనిషిని కదా, నాకు వంటమనిషి ఆలోచనే వచ్చింది. సాంబారు కాచే పెద్ద గిన్నెల్లో నీళ్లు మరిగించి, మా ఆయనతో కార్‌లో తెప్పించి, నేనే గర్వంగా పోశాను. ఆవిర్లు లేచాయి. అందరూ చప్పట్లు కొట్టారు. కాసేపటికి ఆ నీళ్లన్నీ పేరుకుని అద్దం అయిపోయాయి. సారు దాని మీద ఒక్క అడుగు వేసి, ఆ చివరిదాకా జారిపోయి కూలబడ్డాడు. "ఆంటీ, డిడక్టబుల్!" అని కింద నుంచే కేక.

పెద్దాయన వచ్చి ఆ అద్దాన్ని చూశాడు. బంతి చంకలో పెట్టుకుని కారు వైపు నడవడం మొదలుపెట్టాడు. నా చేతులతో నేనే మ్యాచ్ చెడగొట్టాను. "ఆగండి!" అని తెలుగులోనే అరిచాను. ఆయన ఆగాడు. ఎప్పుడూ మాట్లాడని మా ఆయన అప్పుడూ మాట్లాడలేదు, కారు డిక్కీ తీశాడు. చలికాలంలో చక్రాలు జారకుండా బరువుకని ఇక్కడ చాలామంది వెనకాల ఇసుక సంచులు వేసుకుంటారు. ఆ సంచులు కోసి, ఇసుకంతా ఆ ఐసు మీద చల్లాడు. పిల్లలు పారల అంచులతో పొడిచి, పగలగొట్టి, మళ్లీ ఇసుక తొక్కారు. ఖమ్మం అమ్మాయి చేతి గ్లవ్స్ చిరిగిపోయినా ఆపలేదు.

పెద్దాయన వచ్చి బంతిని ఛాతీ ఎత్తుకి ఎత్తి వదిలాడు. దబ్బుమని పడి అక్కడే ఉండిపోయింది. జాలిపడి సరేననే మనిషి కాదు ఆయన, నాకు తెలుసు. "తాతా, ఒక్క నిమిషం" అని వరంగల్ అబ్బాయి మోకాళ్ల మీద కూర్చుని, అడుగున మిగిలిన మంచుని వట్టి చేతులతో గోకేశాడు. ఇంకా ఇద్దరు వచ్చి అక్కడే ఎగిరెగిరి తొక్కారు. ఆయన రెండోసారి బంతి వదిలాడు. నేను కళ్లు మూసుకున్నాను. చప్పుడు మారింది. కళ్లు తెరిచేసరికి బంతి ఆయన మోకాలి దాకా లేచి మళ్లీ పడుతోంది. ఆయన నవ్వలేదు. జేబులోంచి విజిల్ తీసి ఊదాడు.

ఆట సంగతి ఏం చెప్పమంటారు. బెల్లం చుట్టూ చీమల్లా అందరూ బంతి చుట్టూనే. సారు మధ్యమధ్యలో "అవుట్, అవుట్" అని అరుస్తున్నాడు. పెద్దాయన ఎడమ పక్క తన చోట నిలబడ్డాడు, పరిగెత్తలేదు. ఒక్కసారి బంతి దానంతట అదే ఆయన దగ్గరికి వచ్చింది. కాలి కింద ఆపి, తలెత్తి చూసి, తిన్నగా వరంగల్ అబ్బాయి ముందుకి తోశాడు. అంత చక్కగా వచ్చిన బంతిని చూసి వాడు బిత్తరపోయి గాలిని తన్నాడు. స్కోరు మీద ఇప్పటికీ గొడవే.

ఫోటో దగ్గర పిల్లలు ఇంకో తప్పు చేశారు. మనవాళ్ల అలవాటు ప్రకారం మడత కుర్చీ తెచ్చి మధ్యలో వేసి, పెద్దాయన్ని కూర్చోబెట్టి, ఆయన స్కార్ఫునే శాలువాలా కప్పి, వెనకాల గుంపుగా దూరారు. సన్మానం అన్నమాట. ఆయన లేచిపోయాడు. కుర్చీ పక్కకి నెట్టి, వెనక్కి వెళ్లి తన చోట చేతులు కట్టుకుని నిలబడ్డాడు. పిల్లలు ఆయనకి అటూ ఇటూ చేరబోతే, "ఆ చోట్లు వదలండ్రా!" అని నేను కసిరాను. ఎందుకో చెప్పాను. అందరూ ఆగిపోయారు. "మరి మేమెక్కడ ఆంటీ?" అంది ఖమ్మం అమ్మాయి. పెద్దాయన వరుసల ముందు, ఖాళీ మంచు మీద వేలు చూపించాడు. "అక్కడ. కొత్త వరుస." వాళ్లు ఒక మోకాలి మీద కూర్చున్నారు. నేను ఫోన్‌తో తీశాను. పై వరుసలో ఆయనొక్కడు, కింద వరుస నిండా మా డబ్బా పిల్లలు. మర్నాడు ప్రింట్ తీయించి ఇస్తే ఆ మేకుకి ఆయనే తగిలించాడు, ఇల్లు అమ్మేదాకా తియ్యలేదు.

అరిజోనా వెళ్లిన ఆయన మళ్లీ చలికాలం చూడలేదు. ఆయన పోయాడని కూతురు ఫోన్ చేసి చెప్పింది. ఆ లోపల వరంగల్ అబ్బాయికి వేరే రాష్ట్రంలో, పార్సిప్పనీలో ఉద్యోగం వచ్చింది, ఖమ్మం అమ్మాయి పెళ్లి చేసుకుని మోరిస్‌విల్ వెళ్లింది. అయినా జనవరి ఒకటిన మిగిలినవాళ్లం ఆడాం. అక్కడ కుక్కని తిప్పుతున్న ఒకావిడ మాకు ఫోటో తీసి పెడతానంది. ఫోన్ ఎత్తి పట్టుకుని, "దగ్గరికి జరగండి, మధ్యలో చాలా ఖాళీ ఉంది" అంది. ఒక్కరు కదల్లేదు. ఆవిడ మళ్లీ చెప్పింది. సారు మోకాలి మీద చలికి వణుకుతూనే, "లేదు మేడం, అందరూ ఉన్నారు, తియ్యండి" అన్నాడు.

కాలం మనుషుల్ని తీసుకుపోతుంది, అది మన చేతిలో లేదు. వాళ్ల చోటు మాత్రం మనం పక్కకి జరిగితేనే పోతుంది. నా రాతలో ఒత్తు జారినా, అక్షరం తప్పినా కోప్పడకండి. మొదటిసారి కూర్చున్నదాన్ని, మీరే కాస్త సరిచేసుకుని చదువుకోండి.