మట్టి దిబ్బల దగ్గర మాట్లాడే ఆవిడ

ఇప్పుడంటే జేబులో ఉన్న ఫోనే "ముందు కెమెరా ఉంది, నెమ్మది" అని బుజ్జగించి చెబుతోంది గానీ, తొంభైల్లో మేం బహ్రెయిన్‌లో బండ్లు తోలినప్పుడు అలా చెప్పే నాథుడే లేడు. అక్కడ మనవాళ్లెవరూ "స్పీడు ఎక్కువైంది, జరిమానా వేశారు" అనేవారు కాదు. "రాడార్ కొట్టింది" అనేవారు, మన వైపు దెయ్యం కొట్టింది అన్నట్టు. కొట్టేది కంటికి కనిపించదు, కొట్టిన సంగతి చాలా రోజులకి గానీ తెలీదు, తెలిశాక విరుగుడు లేదు. నన్ను అప్పటికే రెండుసార్లు కొట్టింది. నా కఫీల్, అంటే నాకు వీసా ఇచ్చి తెచ్చుకున్న యజమాని, మీనా సల్మాన్‌లో ఏసీ సామాన్ల గోడౌన్ ఉన్న పెద్దాయన. రెండోసారి కొట్టినప్పుడు నన్ను పిలిచి, "ఇంకోసారి రాడార్ కొడితే ఖలాస్!" అని, అరచేతిని విమానంలా గాల్లోకి లేపి చూపించాడు.

మామూలుగా అయితే, ఈ ఉద్యోగం పోతే ఇంకోటి అనుకునే రకాన్నే నేను. అసలు చిక్కంతా ఆ గుణంతోనే వచ్చింది. అమలాపురంలో సినిమా హాలు గేటు దగ్గర నిలబడలేకపోయాను, రైసుమిల్లులో నిలబడలేకపోయాను, చివరికి నిలబడాల్సిన పనే లేని మెడికల్ షాపు స్టూలు మీద కూడా కుదురుగా కూర్చోలేకపోయాను. మా మావయ్య మొహం మీదే చెప్పేశాడు. "ఒరే, ఒక్కచోట రెండేళ్లు పనిచేసి రా, అప్పుడు మా అమ్మాయి సంగతి మాట్లాడుకుందాం. ఈలోగా వెనక్కొచ్చావో, ఇంకో సంబంధం చూసేస్తాను" అన్నాడు. మరదలు తలుపు చాటునుంచి మాటైతే ఏమీ అనలేదు గానీ, చేతిలో చాట దభీమని కింద పడేసింది. ఆ చప్పుడు ఇచ్చిన ధైర్యంతోనే నేను విమానం ఎక్కాను. కాబట్టి మూడోసారి రాడార్ కొడితే పోయేది ఒక్క ఉద్యోగం కాదు.

"దానికో మిషన్ ఉందిరా, రాడార్ దగ్గరికొస్తే ముందే చెప్పేస్తాది" అని ఎవరో అంటే, హూరాలో కార్ స్టీరియోలు అమ్మే భాయ్ కొట్టుకి పరుగెత్తాను. మిషన్ అనగానే భాయ్ అటూ ఇటూ చూసి బల్ల కిందనుంచి మూడు పెట్టెలు తీశాడు. (అలా కిందనుంచి తీసే సరుకు కొనొచ్చా కూడదా అని ఆలోచించే వయసు కాదు మరి.) మొదటిది నోరులేనిది, ఎర్ర లైటు మాత్రం వెలుగుతుంది. దాన్ని చూస్తూ బండి నడిపితే రాడార్ కంటే ముందు కరెంటు స్తంభం కొడుతుంది. రెండోది ఆన్ చెయ్యగానే కీచుమని కేకలు పెట్టింది. ఎందుకయ్యా అంటే, ఎదురుగా హోటలుకి దానంతటదే తెరుచుకునే గాజు తలుపు ఉందట, అది కూడా దీనికి రాడారేనట. "రోజూ తిరిగే బండికి ఏది మంచిది భాయ్?" అన్నాను. "రోజూ తిరిగేవాడికి అరిచేది వద్దు, రోజూ అరుస్తుంది. మాట్లాడేది తీసుకో" అని మూడోది ముందుకి తోశాడు. జపాన్ నుంచి వచ్చిన పాత కారులో ఊడదీసిన పెట్టె. దానికి తీగ తగిలించి, ఎదుటి హోటలు తలుపు వైపు తిప్పాడు. ఎక్కడో నూతిలోంచి వస్తున్నట్టు, చల్లగా, మర్యాదగా ఒక ఆడగొంతు పలికింది. ఒక్క మాటా అర్థం కాలేదు. పన్నెండుమంది మగవాళ్లు గురకలు పెట్టే క్యాంపు గదిలో ఉంటున్న నేను, అలాంటి గొంతు విని ఎన్నాళ్లయిందో! ఇంకేం చూడలేదు, కొనేశాను.

అప్పట్లో నా డ్యూటీ, మీనా సల్మాన్ నుంచి సామాను ఎత్తుకుని హమద్ టౌన్ దుకాణాలకి చేర్చడం. ఆ ఊరు దగ్గరపడుతుంటే రోడ్డుకి రెండువైపులా మట్టి దిబ్బలు వచ్చేవి. ఒకటి కాదు రెండు కాదు, కనుచూపు మేరా అవే, గుండు కొట్టించుకుని వరసగా కూర్చున్నవాళ్ల తలల్లా. చెట్టు లేదు, పిట్ట లేదు, మధ్యాహ్నం పూట ఇంజను ఆపితే చెవుల్లో హోరు తప్ప ఏమీ వినిపించేది కాదు. ఊరు కట్టిన కాంట్రాక్టరు మట్టి ఎత్తించకుండా పోయాడనుకున్నాను. అయినా అనుమానమొచ్చి, మా గదిలో ఉండే మేస్త్రన్నని ఒకసారి అడిగాను. ఆయనది కరీంనగర్ వైపు. బహ్రెయిన్‌లో తల నెరిసిపోయినా "మేము దుబాయిల ఉంటం" అనే చెప్పుకునేవాడు. "అన్నా, ఆ దిబ్బలేంటి?" అంటే, ఉల్లిపాయలు కోస్తూ తలెత్తకుండా "బొందలు" అన్నాడు. మా కోనసీమలో "నీ బొంద" అంటే "నీ మొహంలే, నోర్ముయ్" అని అర్థం. ఆ మాటకి అంతకుమించి ఒక అర్థం ఉంటుందని నాకు తెలీదు. మంచిగా అడిగితే తిడతాడేంటని చిన్నబుచ్చుకుని మళ్లీ అడగలేదు.

అడక్కపోవడం వల్ల జరిగిందేంటంటే, నేను రోజూ అక్కడే మధ్యాహ్నం భోజనం చేసేవాణ్ని. ఒక దిబ్బ పక్కన మట్టి జారిపోయి, రాళ్లు పేర్చిన చిన్న గూడు బయటపడి ఉండేది. లోపల చెయ్యి పెడితే అంత ఎండలోనూ చల్లగా తగిలేది. ముందు ట్రిప్పులో పెరుగన్నం క్యారేజీ అందులో దాచి, రెండో ట్రిప్పులో తీసుకుని తినేవాణ్ని. పులిసేది కాదు. దేవుడిచ్చిన ఫ్రిజ్ అని మురిసిపోయేవాణ్ని.

పెట్టె బిగించిన మొదటిరోజు ఊళ్లో అంతా ఆవిడ నోరు విప్పలేదు. (పెట్టెని అప్పుడే "ఆవిడ" అనడం మొదలెట్టేశాను.) దిబ్బల మధ్యకి వచ్చేసరికి ఉన్నట్టుండి పలికింది: "చూయ్... ష్టే... కూదసాయ్." రోడ్డంతా చూశాను. పోలీసు లేడు, కెమెరా లేదు, ముందు బండి లేదు, వెనక బండి లేదు. ఎండకి రోడ్డు మీద నీళ్లున్నట్టు ఊగుతోంది, అంతే. మర్నాడు మళ్లీ అక్కడే, అదే మాట. వారమంతా అంతే. ఊళ్లో ఎక్కడా పలకని మనిషి, సరిగ్గా ఆ దిబ్బల దగ్గరే, ఎవరో చెవిదగ్గరకొచ్చి కూర్చున్నట్టు పలికేది. నాలుగోరోజుకి స్టీరింగ్ మీద నా చేతులు చెమటలు పట్టడం మొదలైంది. చెమట ఎండవల్లేనని నాకు నేను సర్దిచెప్పుకున్నాను.

శుక్రవారం సెలవు. మేస్త్రన్నకి హమద్ టౌన్‌లో వాళ్ల ఊరివాళ్లుంటే, మిట్టమధ్యాహ్నం నా బండిలోనే బయల్దేరాం. దిబ్బలు రాగానే ఆవిడ మొదలెట్టింది. మేస్త్రన్న బీడీ నోట్లోంచి తీసేశాడు.

"ఎవలురా గామె?"

"మిషన్ అన్నా. అదేదో భాష."

"ఏదో భాషేందిరా! తెలుగే గదా! ఇను మంచిగ."

ఆవిడ మళ్లీ అంది. మేస్త్రన్న బీడీ కిటికీలోంచి పారేశాడు. "సూ... ఇటే కూసున్నయ్ అంటాంది. సూడు, ఇటే కూసున్నయ్!"

నవ్వుదామని నోరు తెరిచాను గానీ నవ్వు రాలేదు. ఎందుకంటే నాకూ అలాగే వినిపించింది. ఒకసారి అలా విన్నాక ఇంకోలా వినిపిస్తే ఒట్టు. "ఏంటన్నా కూర్చునేది? ఎవరు?" అన్నాను.

"నేను సెప్పలే? గవి బొందలని?"

"నన్ను తిట్టావనుకున్నా."

"నిన్నెందుకు తిడతరా పిచ్చోడా! బొందలంటే బొందలే, పీనుగుల పెట్టే బొందలు! ఎన్ని వేల ఏండ్ల కిందటియో ఎవనికెరుక! ఆపకు, పోనియ్, పోనియ్!"

"అన్నా, అందులో ఒకదాంట్లో నా క్యారేజీ ఉంది" అన్నాను. నిన్న మర్చిపోయి వచ్చేశాను మరి. మేస్త్రన్న నా వైపు చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేను. సీట్లో బాగా పక్కకి జరిగి, తలుపుకి ఆనుకుని కూర్చున్నాడు. తిరుగు ప్రయాణంలో నా బండి ఎక్కకుండా బస్సులో వచ్చాడు.

ఆ తర్వాత నేను ఆ దారినే వదిలేశాను. ఎక్కడో చుట్టూ తిరిగి, వేరే వైపునుంచి ఊళ్లోకి వెళ్లేవాణ్ని. పెట్టె పీకి పారెయ్యొచ్చు కదా అంటారేమో. పీకితే రాడార్ కొడుతుంది, ఉంచితే ఆవిడ మాట్లాడుతుంది! సామాను రోజూ ఆలస్యం కావడం మొదలైంది. దుకాణాలవాళ్లు ఫోన్లు చేశారు. ఇంటికి పంపించేస్తారన్న భయంతో కొన్న మిషన్ వల్లే ఇంటికి పోయే రోజు దగ్గరపడింది. కఫీల్ ఒకరోజు వచ్చి, నా పక్క సీట్లో కూర్చుని, "యల్లా" అన్నాడు, అంటే పద అని. ఎందుకు ఆలస్యమవుతోందో తానే చూస్తాడట. ఆయన పక్కనుంటే చుట్టు దారి ఎలా పడతాను? ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని దిబ్బల దారే పట్టాను.

ఆవిడ పలికింది. నేను బ్రేకు నొక్కేశాను. హిందీ, అరబ్బీ, చేతులూ కాళ్లూ అన్నీ కలిపి, సమాధులనీ, ఆడమనిషనీ, ఇటే కూర్చున్నారంటోందనీ చెప్పాను. కఫీల్ నన్ను చూశాడు, పెట్టెని చూశాడు, తలుపు తీసుకుని దిగి దిబ్బల్లోకి నడిచాడు. ఆయన వేసుకున్న తెల్లటి పొడుగు చొక్కా, తోబ్, ఒక దిబ్బ మలుపు దాకా కనిపించి మాయమైపోయింది. ఎంతకీ రాడు. గాలి లేదు, చప్పుడు లేదు. బండిలో ఆవిడ ఒక్కతే, ఆపకుండా, అదే మాట, అదే మర్యాద. ఈ ముసలాయనకి ఏమైనా అయితే రేపు నన్ను ఏం చేస్తారో, మావయ్య ఏమంటాడో, మరదలికి ఎవరు చెబుతారో అని ఏడుపొచ్చేసింది. ఇంతలో దిబ్బ వెనకనుంచి నవ్వులు వినిపించాయి, ఒకరివి కాదు, ముగ్గురివి. కాళ్లీడ్చుకుంటూ వెళ్లి చూశాను. నీడలో పోలీసు కారు. ఇద్దరు పోలీసులు రాడార్ని దిబ్బల సందులోంచి రోడ్డు మీదికి పెట్టుకుని, హాయిగా కింద కూర్చుని ఫ్లాస్కులో టీ తాగుతున్నారు. నిజంగానే ఇటే కూసున్నరు! అందులో ఒకడు కఫీల్‌కి చుట్టం కూడాను. కఫీల్ నవ్వి నవ్వి కళ్లనీళ్లు తుడుచుకుంటూ నన్ను చూపించి "మజ్నూన్" అన్నాడు. అంటే పిచ్చోడు. ఆ రోజు ఆ బిరుదు నాకు తేనెలా తగిలింది. గోడౌన్ చేరాక పెట్టెని తన చేత్తోనే ఊడదీసి, తన కారులో పెట్టుకున్నాడు. నన్ను ఇంటికి పంపించలేదు. (ఆవిడ పాపం జపాన్ భాషలో "జాగ్రత్తగా ఉండండి" అంటోందని చాలా ఏళ్ల తర్వాత ఎవరో చెబితే తెలిసింది.)

కథ ఇక్కడితో అయిపోతే బాగుండేది. ఎండలు ముదిరాక పోలీసులు ఆ చోటు వదిలేశారని డ్రైవర్లందరికీ తెలిసిపోయింది. నా భయం కూడా తీరిపోయింది, కాలు మళ్లీ యాక్సిలరేటరు మీద బరువెక్కింది. రెండేళ్లు నిండటానికి ఇంకా కొద్దిరోజులే ఉంది. ఒక మధ్యాహ్నం దుమ్ము లేచి ఆకాశం పసుపురంగుకి తిరిగింది. దిబ్బలు సగం కనిపిస్తున్నాయి, సగం లేవు. ఖాళీ రోడ్డే కదా అని గట్టిగా తొక్కాను. "చూయ్... ఇటే కూసున్నయ్" అని వినిపించింది. రేడియో ఆపి ఉంది. పెట్టె ఉండాల్సిన చోట రెండు మరమేకుల కన్నాలు తప్ప ఏమీ లేవు. అయినా పక్క సీట్లోంచి మాట్లాడినంత స్పష్టంగా వినిపించింది. నా కాలు దానంతటదే బ్రేకు మీదికి వెళ్లింది. బండి నత్తనడక పట్టాక, ఎదురుగా దుమ్ములోంచి ఒక పోలీసు బయటపడ్డాడు, చేతిలో రాడార్ సూటిగా నా మీదికే పట్టుకుని. నా స్పీడు చూసుకుని, మెచ్చుకోలుగా చెయ్యి ఊపి, పొమ్మన్నాడు.

గోడౌన్‌కి వచ్చి ముందు కఫీల్ కారు దగ్గరికే పరుగెత్తాను. పెట్టె లేదు. అడిగితే ఆయన సిగ్గుపడుతూ చెప్పాడు. కారులో ఆ ఆడగొంతు ఎవరిదని ఇంట్లో పెద్ద గొడవైందట. వాళ్లావిడ దాన్ని ఊడబెరికి, నెల కిందటే సముద్రంలో పారేసిందట. మేస్త్రన్నకి చెబితే ఏమాత్రం ఆశ్చర్యపోలేదు. "మిషన్ మాట్లాడిందని ఎవడన్నడు? నేననలే" అని, అన్నం గిన్నె నా వైపు జరిపాడు.

రెండేళ్లు నిండాయి. ఇంటికి వచ్చాను, పెళ్లయింది. మరదలు, అంటే ఇప్పటి మా ఆవిడ, ఈ కథ నూరుసార్లు విని, "ఆ గొంతు ఎవరిదో ఇప్పటికైనా చెప్పండి" అని ఏడిపిస్తూ ఉంటుంది. నా చెవులు ఈమధ్య మందగించాయి, ఆ మాటే ఆవిడ రెండుసార్లు గట్టిగా అనాల్సి వస్తోంది. స్కూటర్ మీద ఒంటరిగా ఏ ఖాళీ రోడ్డు మీదో పోతున్నప్పుడు అప్పుడప్పుడు ఇంజను ఆపి, కాసేపు వింటాను. గాలి తప్ప ఏమీ ఉండదు. దుమ్ములో వణికిపోతూ బ్రేకు నొక్కిన ఆ కుర్రాణ్ని తలుచుకుంటే నవ్వొస్తుంది, కొంచెం అసూయ కూడా వేస్తుంది. వెధవ, ఎంత భయపడ్డాడో గానీ, వాడి కోసం ఎవరో ఒకరు ముందే కూర్చుని ఉన్నారు.