వంకాయ తోటలో తాజా మంచు

గోదావరిఖనిలో మే నెలలో మంచు మీద కోర్సు పెట్టారంటే ఎవరూ నమ్మరు. నేను నమ్మడమే కాదు, అందులో చేరాను కూడా. ఉపగ్రహ చిత్రాలతో మంచునూ హిమానీనదాలనూ చదవడం పది రోజుల్లో నేర్పుతారట. చివర్లో హిమాలయాల్లో ఫీల్డు వర్కు. డిగ్రీ కాలేజీలో జాగ్రఫీ చెప్పే నాకు ఆ సర్టిఫికెట్ ఉంటే ఉద్యోగం పర్మనెంటు అవుతుందని ఆశ. ఆ ఆశతో స్వెట్టరు కూడా కొన్నాను. బొగ్గుబాయిలో పనిచేసి రిటైరైన మా నాన్న ఆ స్వెట్టరు చూసి, నన్ను దవాఖానలో చూపించాలా అని అమ్మను అడిగాడు.

హిమాలయాలకు పర్మిషన్ రాలేదు. హైదరాబాదు నుంచి వచ్చిన మా సారు ఏమాత్రం తొణకలేదు. ఎక్కడైనా సూత్రం ఒక్కటే అంటూ మమ్మల్ని బస్సెక్కించి ఒక బూడిద చెరువు గట్టు మీదికి తీసుకుపోయారు. కరెంటు కోసం బొగ్గు కాల్చగా మిగిలిన బూడిదను నీళ్లతో కలిపి పారబోసే చోటది. ఎండిన మేర తెల్లగా మెరుస్తుంటుంది. చిత్రంలో తెల్లగా ఉన్నదంతా ప్రస్తుతానికి మంచే అనుకోమన్నారు. మంచునూ మిగతా తెలుపునూ వేరుచేసే పాఠం మర్నాడు చెప్తామన్నారు. మర్నాడు సారుకు వడదెబ్బ తగిలింది.

మాకిచ్చిన ఫారాలు హిమాలయాల కోసం అచ్చువేయించినవి. తాజా మంచు, పాత మంచు, రాయి అని మూడే గడులున్నాయి. నెత్తికి టవళ్లు చుట్టుకొని, మజ్జిగ ప్యాకెట్లు తాగుతూ, బూడిదలో స్కేలు గుచ్చి మంచు లోతు కొలిచాం. మంచుచరియలు విరిగిపడే ప్రమాదం ఉందా అన్న చోట లేదని నిజాయితీగా రాశాను.

గట్టు కింద అరెకరం వంకాయ తోట ఉన్న అక్క ఒకామె మమ్మల్ని చూసి పైకొచ్చింది. గాలి లేస్తే బూడిదంతా తోట మీదే పడుతుందనీ, కాయల్ని మూడు నీళ్లు కడిగినా మార్కెట్లో పక్కన పెడుతున్నారనీ చెప్పింది. కరెంటు ప్లాంటు ఆఫీసుకు పోతే, బూడిద గట్టు దాటదు, దాటిందని రుజువు తెమ్మన్నారట. తోట పోతే మంచిర్యాలకు కూలికి పోవడం తప్ప ఆమెకు ఇంకో దారి లేదు. నా చేతిలోని ఉపగ్రహ చిత్రం వైపు చూసింది.

"మీదికెల్లి అంత కనబడ్తదంటున్నరు గదా చెల్లె. నా తోట మీద వడ్డ బూడిద గూడ కనబడ్తదా?"

కనబడుతుందన్నాను. నిజంగానే కనబడింది. సాయంత్రం కంప్యూటర్లో చూస్తే తెలుపు గట్టు దాటి ఆమె తోటంతా పరుచుకొని ఉంది. గబగబా మ్యాపు ప్రింటు తీశాను. కింద రంగుల వివరంలో, తెలుపు పక్కన 'తాజా మంచు' అని ఉంది.

మంచు అన్న చోట బూడిద అని మార్చమని సారును బతిమాలాను. బూడిద అనేది సిలబస్‌లో లేదన్నారు. చేత్తో దిద్దితే రిపోర్టు చెల్లదు, సర్టిఫికెట్ రాదన్నారు. నేను దిద్దలేదు. 'స్వయంగా చూసి ధ్రువీకరించడమైనది' అన్న చోట మాత్రం అందంగా సంతకం చేశాను. ఒక కాపీ అక్కకు ఇచ్చాను. ఈ ఎండలో మంచేమిటని అధికారులకే అర్థమవుతుందిలే అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను.

వారం తర్వాత ఆమె కాలేజీకి వచ్చింది. ఆఫీసులో మ్యాపు చదివి, మంచయితే ఎండకు కరిగిపోతుంది, ఫికర్ ఎందుకమ్మా అన్నారట. అందరూ నవ్వారట. ఆమె నన్ను తిడితే బాగుండుననిపించింది. నాకు సర్టిఫికెట్ అప్పటికే వచ్చింది, 'ఏ' గ్రేడుతో. ఆమె కాగితం మడత విప్పి నా బల్ల మీద పరిచి, నా సంతకం మీద వేలు పెట్టింది.

"ఆళ్లు సూడలే, సరే. నువ్వు అచ్చి సూసినవ్ గదా చెల్లె."