చార్జిషీటు పారాయణం

ఆ రోజుల్లో లాయరంటే నల్లకోటు తొడుక్కున్న సింహమని నా గట్టి నమ్మకం. తొంభైల మొదట్లో లా పాసై, నారాయణగూడలో ఒక పెద్ద వకీలు దగ్గర జూనియర్‌గా చేరాకగాని ఆ సింహం ఫైళ్ళు మోస్తుందని, సీనియర్ కారు అద్దాలు కూడా తుడుస్తుందని తెలియలేదు. విచారణకు ముందే పోలీసులు తమ సాక్ష్యాల కాపీలన్నీ ముద్దాయికి ఉచితంగా ఇవ్వాలని చట్టం. పోలీసులు చట్టాన్ని గౌరవించేవారు. కాకపోతే కార్బన్ల దొంతర పెట్టి రాసేవారు, మాకు దక్కేది అట్టడుగు కాగితం. (అందులో అక్షరాలున్నాయని నమ్మడమే గాని చూసినవారు లేరు.) మా సీనియర్‌గారికి అది వరం. ప్రతి వాయిదాకూ ఆ కాగితాన్ని కిటికీ వెలుతురుకు పట్టి, "ఇది చదివినవారికి నా ఫీజు ఇచ్చేస్తాను సార్" అనేవారు. మరో వాయిదా పడేది. "కేసు నానాలె బాబూ. ఫిర్యాదు ఇచ్చినోనికే యాష్టకొస్తది, ఇసిగి ఇడిశిపెడ్తడు" అని నాకు తత్వం బోధించేవారు.

అలాంటి ఒక కేసులో మా క్లయింటు అశోక్‌నగర్‌లో గదిలో ఉంటూ సర్కారు కొలువు పరీక్షలకు చదివే నల్లగొండ కుర్రవాడు. ప్రపంచంలో ఏ దేశానికి ఎవరు ప్రధానో అడక్కుండానే చెబుతాడు గనుక అందరూ 'కరెంట్ అఫైర్స్' అనేవారు. ఒకనాడు నల్లా దగ్గర ఇంటి ఓనరుకూ ఇతనికీ బకెట్ గుంజులాట జరిగి, ఓనరు తడి గచ్చు మీద కూలబడ్డాడు. మోచేయి గీరుకుంది. ఆ మంటలోనే ఠాణాకు వెళ్ళాడు. కేసైంది, బకెట్టు మారణాయుధంగా జప్తయింది. విశేషమేమిటంటే ముద్దాయి ఇంకా ఆ ఇంట్లోనే కిరాయికున్నాడు. వాయిదా రోజున ఇద్దరూ ఒకే ఆటోలో నాంపల్లి కోర్టుకు వెళ్ళేవారు. మాటల్లేవు. ఓనరుకు చోటు చాలకపోతే ఆటోవాలాతో "ఆయనను జర జరగమను భాయ్" అనేవాడు.

ఇంతలో కరెంట్ అఫైర్స్‌కు ఉద్యోగం వచ్చింది. పోలీసు ఎంక్వైరీ ఒక్కటే మిగిలింది. వాడు నా దగ్గరికి వచ్చి కూర్చున్నాడు.

"అన్నా, కేసు ఉందని రాస్తే నా నౌకరీ గంగల కలుస్తది. నానింది చాలు. అసలు ఆయన నా మీద ఏం చెప్పిండో తెలుస్తే, కాళ్ళు మొక్కాల్నో కొట్లాడాల్నో తేల్చుకుంట."

ఎవరు చదువుతారంటే, "మా పోరగాళ్ళు సదువుతరు" అన్నాడు. నిజమే. జిరాక్సుకు జిరాక్సు తీసిన నోట్సుల మీద ఏళ్ళు గడిపిన కళ్ళవి. ఆదివారం పొద్దున చిక్కడపల్లిలోని నా గది నుంచి కాగితాలు పట్టుకుని వాళ్ళ డాబా ఎక్కాను. పది నిమిషాల్లో పారాయణం మొదలైంది. ఒకడు ఎండకు పట్టి చదువుతున్నాడు, ఒకడు రాస్తున్నాడు, మూడోవాడు "ఇది ఎన్ని మార్కులకు వస్తది అన్నా?" అన్నాడు.

ఓనరు వాంగ్మూలం దగ్గరికి వచ్చేసరికి మెట్ల మీద ఓనరే ప్రత్యక్షమయ్యాడు, వెనకాల ఇల్లాలు. ప్రాసిక్యూషన్ సాక్షికి ముద్దాయి మేడ మీద క్లాసు పెట్టిన లాయరును బార్ కౌన్సిల్ ఏమంటుందో మా కాలేజీలో చెప్పలేదు.

"ఆపుతరేంది? నా ముచ్చటే గద, నేను గూడ వింట" అన్నాడు ఓనరు.

"నా కాపీ, నా ఇష్టం. సదువురా" అన్నాడు ముద్దాయి.

చదివేవాడు గొంతు సవరించుకున్నాడు. "సదరు నిందితుడు నన్ను హతమార్చవలెనను దురుద్దేశముతో ఎరుపు రంగు బకెట్టును పైకెత్తి నా శిరస్సుపై మోదబోగా, నా భార్య అడ్డుపడి హాహాకారములు చేయగా..."

"ఏ, ఆగాగు!" ఇల్లాలు ముందుకొచ్చింది. "హాహాకారాలు నేనెప్పుడు జేసిన? ఆ దినం మా అమ్మోళ్ళింట్ల వరంగల్ల ఉంటి గద!"

ఓనరు మొహం ఎర్రబడింది. "శిరస్సా? నేను శిరస్సంటనా? 'పోరడు బకెట్ గుంజిండు, జారి పడ్డ, జర బెదిరియ్యుండ్రి' అన్న, గంతే!" కరెంట్ అఫైర్స్ వైపు తిరిగి, నెలల తర్వాత మొదటిసారి నేరుగా మాట్లాడాడు. "నీళ్ళకు కొట్లాడిన గని, నువ్వు సంపుతవని అంటనా బిడ్డా?"

"నేను గూడ గుంజకుండ ఉండాల్సింది అంకుల్" అన్నాడు వాడు. ఇల్లాలు అందరికీ చాయ్ పెట్టింది.

వాయిదా రోజున సీనియర్‌గారు వేరే కోర్టుకు వెళుతూ, "మామూలే, కిటికీకి పట్టు" అని నన్ను పంపారు. నేను కాగితం ఎత్తేలోపే ఓనరు లేచి, రాజీ పడతానన్నాడు. జడ్జిగారు కళ్ళజోడు దించారు.

"ఎవరైనా బెదిరించారా?"

"లేదు సార్. సదివి వినిపిచ్చిండ్రు."

ఎత్తబోయిన కాగితాన్ని నేను మెల్లగా ఫైల్లోకి తోసేశాను.

"ఏం చదివారు?"

"నేను చెప్పిందంట సార్. నాకే నచ్చలే."

జడ్జిగారు ఓనరును, ముద్దాయిని, చివరికి నన్ను తీరిగ్గా చూశారు. నా జేబులో ఆ ఇల్లాలి కోసం రోజూ అద్దం ముందు సాధన చేసిన క్రాస్ ఎగ్జామినేషన్ ఉంది. ఆమె హాహాకారాలను చీల్చి చెండాడే ప్రశ్నలు, మధ్యలో కోటు సర్దుకోవలసిన చోట్లతో సహా.

"డిఫెన్స్ ఏమైనా చెబుతారా?"

"ఏమీ లేదు సార్."

కేసు కొట్టేశారు. కుర్రవాడు కొలువులో చేరాడు. ఆ తర్వాత ఎన్నో కోర్టుల్లో గంటల తరబడి వాదించాను, కొన్ని గెలిచాను కూడా. కానీ అంత వినయంగా, అంత క్లుప్తంగా, క్లయింటుకు అంతగా పనికొచ్చేలా మాట్లాడిన ఆ బక్కపల్చని లాయరు మళ్ళీ నా అద్దంలో కనబడలేదు.