తప్పు బోర్డుది కాదు: టెక్కలి నుంచి ఉద్దానం తీరానికి

శుక్రవారం మధ్యాహ్నం నేను ఆఫీసులో ఉండగా దండాసి మాస్టారు ఫోన్ చేశారు. "కొత్త రేడియో కిట్టు వచ్చీసింది బాబూ. సేసినాయన పైసా తీసుకోనేదు. ఆదివారం వచ్చి పట్టుకెళ్లు" అన్నారు, సంబరంగా. సరే అనేసి ఫోన్ పెట్టేశాను. నా ప్రయాణం ఆ ఫోన్‌తోనే మొదలైంది.

మాస్టారు రిటైరై, వజ్రపుకొత్తూరు దాటాక సముద్రం ఒడ్డునున్న పల్లెలో ఉంటున్నారు. ఆయనకూ నాకూ ఉన్న చుట్టరికం హామ్ రేడియో, అంటే లైసెన్సు తీసుకుని ఇంటి నుంచే వైర్‌లెస్‌లో మాట్లాడుకునే సరదా. ఆయనకది సరదా మాత్రమే కాదు. తుఫానొచ్చి ఫోన్లు మూగబోయినప్పుడు ఊరి కబురు బయటికి చెప్పడానికి బ్యాటరీ మీద నడిచే సెట్టొకటి ఇంట్లో ఉండాలని ఆయన పట్టుదల. గోదావరి వైపు ఒకాయన ఇంట్లోనే అలాంటి కిట్లు తయారుచేసి పంపుతారు. బోర్డు, విడిభాగాలు, రాగితీగ పొట్లాల్లో వస్తాయి, సీసం కరిగించి అతికే సోల్డరింగ్ పని మనమే చేసుకోవాలి. మాస్టారికి చేతులు వణుకుతాయి. "నీ సెయ్యి మంచిది" అని ఆ పని నాకప్పగించారు.

నా మంచి చెయ్యి చేసిన నిర్వాకం ఇదీ. ఒక ఆదివారం ఇంట్లో ఉన్న అరవై వాట్ల సోల్డరింగ్ ఐరన్‌తో కూర్చున్నాను. కాయిల్ చుట్టే రాగితీగ చివర్లకు సీసం అంటుకోలేదు. ఇంకాస్త వేడి పెట్టాను, ఇంకాస్త పెట్టాను. చివరికి బోర్డు మీది రాగిబిళ్ల తీగతో సహా ఊడొచ్చింది. పక్కనున్న ట్రాన్సిస్టర్ మాడిపోయింది. మాస్టారు అడిగితే నిజం చెప్పలేదు. "బోర్డే నాసిరకం మాస్టారూ, రాగి లేచిపోయి వచ్చింది" అనేశాను. ఆయన నమ్మారు. నమ్మి, తయారుచేసినాయనకు ఉత్తరం రాశారు. ఆయన క్షమాపణ చెప్పి కొత్త కిట్టు ఊరికే పంపారు.

ఆదివారం ఉదయం ఏడింటికి, కాలిన బోర్డును టిఫిన్ డబ్బాలో పెట్టుకుని టెక్కలిలో పలాస బస్సెక్కాను. హైవే మీద ముప్పావుగంట ప్రయాణం, కాశీబుగ్గలో దిగాలి. నా పథకం ఏమిటంటే, పాత బోర్డు బాగుచేయించి, నేనే ఎలాగో బతికించానని మాస్టారికి చెప్పడం. అబద్ధం అలాగే ఉంటుంది, పైగా మెచ్చుకోలు కూడా దక్కుతుంది. ఇది రాస్తుంటే సిగ్గుతో చెవులు వేడెక్కుతున్నాయి.

కాశీబుగ్గ సందులో అప్పన్న టీవీలు, ఆంప్లిఫయర్లు బాగుచేస్తాడు. ముందు గది షాపు, వెనక గది ఇల్లు. గడపలో వాళ్లావిడ గున్నమ్మ చేటలో జీడిపప్పు పోసుకుని చిన్న చాకుతో పొట్టు తీస్తోంది. అప్పన్న భూతద్దం పెట్టి బోర్డు చూశాడు.

"ఎవులు కాల్సీసినారండీ దీన్ని?"

"బోర్డే అలా వచ్చింది" అన్నాను. అలవాటైన అబద్ధం కదా, తడుముకోకుండా వచ్చింది.

"బోర్డుకేటీ తప్పు నేదు. మిగతా సోట్ల సూడండి, ఎంత శుభ్రంగా ఉందో. ఇది సేసినోడు నెమ్మదైన పనోడండి. మీరే ఈ తీగ మీద వార్నీసు గీకనేదు. గీకకపోతే సీసం ఎలాగ అంటుకుంటాది?"

తీగకు కంటికి కనిపించని వార్నిష్ పూత ఉంటుందట. కిట్టుతో వచ్చిన కాగితంలో ఆ మాట మొదటి పేజీలోనే ఉంది. నేను చదవలేదు. గున్నమ్మ నవ్వింది. "పొట్టు తియ్యకండా పప్పు అమ్ముతారేటి బాబూ?" అంటూ కొత్త తీగ అందుకుని, బొటనవేలు మీద ఆనించి అదే చాకుతో చివర్లు గీకింది. ఎర్రటి రాగి బయటపడింది, తీగకు గాటు కూడా పడలేదు. "గట్టిగా నొక్కితే పప్పు ముక్కలైపోద్ది. ముక్క పప్పుకి ఏటిత్తారు?" అంది. రెండో తీగ నేను గీకబోతే పుటుక్కున తెగింది. ఆవిడ ఇంకోటి తీసుకుంది.

అప్పన్న పాతికవాట్ల ఐరన్ పెట్టి, మాడిన ట్రాన్సిస్టర్ కాళ్లు ఒక్కొక్కటిగా కత్తిరించి తీసి కొత్తది వేశాడు. రాగిబిళ్ల ఊడిన చోట సన్నటి తీగముక్కతో పక్కనున్న రాగిగీతకు కలిపాడు. కాయిల్ మళ్లీ చుట్టాడు. పన్నెండున్నరకు సెట్టులో గుసగుసమని చప్పుడొచ్చింది. అన్నీ కలిపి మూడు వందలు తీసుకున్నాడు.

ఒంటిగంటన్నరకు వజ్రపుకొత్తూరు షేర్ ఆటో దొరికింది. దారిపొడవునా జీడితోటలు, తుఫానుకు పడిపోయాక మళ్లీ నాటిన కొబ్బరి. డ్రైవర్ అద్దంలోంచి చూసి, "ఒళ్లో ఏటండీ, సంటిపిల్లలాగ పట్టుకున్నారు?" అన్నాడు. "రేడియో. పాడైతే బాగుచేయించాను" అన్నాను. "ఎలాగ పాడైంది?" అని అడిగాడు. అతనెవరో, నేనెవరో. అతనికి చెప్పడానికి కూడా ముఖం చెల్లక తోటలవైపు తిరిగాను.

మాస్టారింట్లో చేపల పులుసుతో భోజనమయ్యాక, కొత్త కిట్టుతో వచ్చిన ఉత్తరం ఆయనే చదివి వినిపించారు. "పెద్దవారు, మీకు చెడ్డ బోర్డు పంపినందుకు సిగ్గుపడుతున్నాను. మిగిలిన బోర్డులన్నీ పక్కన పెట్టేశాను" అని ఉంది. నా సిగ్గు ఇంకొకాయన మోస్తున్నారు. ఇక కూర్చోలేకపోయాను. టిఫిన్ డబ్బా తెరిచి ఆయన ముందు పెట్టి, జరిగిందంతా చెప్పాను.

మాస్టారు ఉత్తరం మడత పెట్టారు, మళ్లీ విప్పారు.

"నాతో అబద్ధవాడినావు, సరే. నా సేత ఆయనకి అబద్ధం రాయించినావు బాబూ."

తిట్టినా అంత తగిలేది కాదు. అయిదింటికి ఆయన రెండు కొబ్బరిచెట్ల మధ్య కట్టిన ఏంటెన్నా తీగ సెట్టుకు తగిలించి, బ్యాటరీ పెట్టి పిలిచారు. ఆ వేళకు రోజూ నలుగురైదుగురు అదే ఫ్రీక్వెన్సీలో మాట్లాడుకుంటారు. గోదావరి ఆయన పలికారు. మాస్టారు మైకు నా చేతికిచ్చి, "ఉన్నాడు. సెప్పు" అన్నారు.

మైకు మీట నొక్కి ఉన్నంతసేపూ అవతలి గొంతు మనకు వినపడదు, మన గొంతు మాత్రం అందరికీ వినపడుతుంది. పేరుతో సహా అంతా చెప్పాను. చెప్పడం అయిపోయినా వేలు తీయలేదు. జవాబు వినే ధైర్యం లేదు.

"మీట వదులు బాబూ" అన్నారు మాస్టారు.

కాసేపు సముద్రంలాంటి హోరు. తర్వాత ఆయన గొంతు: "అయితే నా బోర్డులు బానే ఉన్నట్టేనాండీ? అమ్మయ్య. మూడు వారాలుగా మాస్టారికి కొత్తగా చేసి పంపింది తప్ప ఒక్క కిట్టూ పంపలేదు. ఎక్కడ తప్పు చేశానో దొరక్క రోజూ వాటినే చూసుకుంటున్నాను." అంతలోనే, "మీ మాట స్పష్టంగా వినబడుతోంది. ఈసారి తీగ గీకారన్నమాట" అన్నారు.

విప్పని కొత్త కిట్టును ఒళ్లో పెట్టుకుని ఆరింటి ఆటోలో తిరిగొచ్చాను. సోమవారం పోస్టులో వెనక్కి పంపించేశాను. పని రాకపోవడం పెద్ద తప్పేమీ కాదని అప్పన్న షాపులోనే తెలిసింది, ఆ తప్పు దిద్దుకోవడానికి ఒక పూట చాలింది. నేను దాచుకున్న మాట మాత్రం ఎక్కడో ఒక మంచి పనివాడు మూడు వారాలు తన చేతుల్ని తనే అనుమానించుకునేలా చేసింది. మాస్టారు ఇప్పటికీ ఫోన్ చేస్తారు. నా చెయ్యి మంచిదని మాత్రం మళ్లీ అనలేదు.

ఇటు వెళ్లేవారికి ఒక్క సలహా. ఆదివారం అప్పన్నలాంటి మెకానిక్కులు ఒంటిగంటకే షాపు కట్టేస్తారు, పొద్దున్నే చేరుకోండి. ఇంట్లో కిట్టు కాలిపోతే మాత్రం అంతకంటే ముందే, ఆ బోర్డుకు ఫొటో తీసి, "నేనే కాల్చాను" అని రాసి, తయారుచేసినవారికి ఆ రోజే పంపండి.