నిద్ర పట్టిందా అని అడిగే చదువు

ముందే చెప్పేస్తున్నాను, నా లెక్కల్ని నమ్మకండి. థర్మామీటరులో నూట రెండున్న జ్వరం నా నోట్లో నూట పదికి తగ్గదు. ఇవాళ ఐసీయూలో ఎవరో ఉతికిన దుప్పటి దులిపారు. ఆ వాసనకు బెంగళూరు మబ్బులన్నీ కిటికీ తోసుకుని లోపలికొచ్చి మంచాల మధ్య తేలాయి. వాటిలోంచి కమలమ్మ మేడం నడిచి వచ్చారు.

ఆమె మా నర్సులందరికీ పెద్ద, నా పీహెచ్‌డీకి గైడు. కాటన్‌పేటలో తరతరాలుగా స్థిరపడ్డ తెలుగింటి ఆడపడుచు. మనిషి బల్ల ఎత్తుండేవారు, గొంతు మాత్రం వైట్‌ఫీల్డ్ దాకా వినిపించేది. నర్స్ ప్రాక్టీషనర్‌గా తల నెరిశాక నేను ఐసీయూ రోగుల నిద్ర మీద పరిశోధనకు దిగాను. తెల్లారగానే యూనిఫాంలో మంచం మంచానికీ వెళ్లి "నిద్ర పట్టిందా?" అని అడిగేవాణ్ణి. మానిటర్లు ఊరంతా లేచేలా కూస్తున్నా, అందరికీ బ్రహ్మాండంగా పట్టిందట. ఏళ్ల తరబడి పోగేసిన ఆ జవాబులు చదివి మేడం కళ్లజోడు తీశారు.

"ఇంత సుఖంగా నిద్రపోయేకి ఇది ఆసుపత్రినా, అత్తగారిల్లా?"

"వాళ్లే చెప్పారు మేడం."

"చెప్పక ఏం చేస్తారప్పా? సూది నీ చేతిలో ఉండాది."

మళ్లీ మొదలుపెట్టాలంటే చదువే మానేస్తానన్నాను. ఉత్త బెదిరింపు కాదు, అప్పటికి నాలో అంతే ఓపిక మిగిలింది.

"మానేద్దువులే. ముందు పోయి ఆ ఖాళీ మంచంలో పండుకో. సుమ్నే, ఊరికే పండుకో."

రోగి గౌను తొడుక్కుని పడుకున్నాను. మధ్యాహ్నపు ఎండ తెర మీద నీళ్లలా కదిలింది. పైకప్పు మెల్లగా దూరమై ఆకాశమంత ఎత్తుకు పోయింది. ఎవరెవరివో గుండెలు నా చెవిలో కొట్టుకున్నాయి. పడవలో తేలినట్టే ఉంది గానీ రెప్ప మాత్రం పడలేదు. సాయంత్రం సిస్టర్ లిల్లీ వచ్చి నా భుజం తట్టింది.

"నిద్ర పట్టిందా బ్రదర్?"

అంత ప్రేమగా అడిగిన మనిషిని ఎలా నొప్పించను? "చాలా బాగా పట్టింది సిస్టర్!" అన్నాను.

తెర వెనక నుంచి మేడం నవ్వు వినిపించింది. "ఏమప్పా, నీకూ బ్రహ్మాండంగా పట్టిందా?"

పాత జవాబులన్నీ పక్కన పెట్టేశాను. మామూలు చొక్కాలో, రోగి కళ్లకంటే కిందికుండే స్టూలు మీద కూర్చుని ప్రశ్న మార్చాను: "రాత్రి ఏమేం వినపడ్డాయి?" అంతే, మంచాలు మాట్లాడటం మొదలుపెట్టాయి. "మా మగ్గానికి ఒక తాళం ఉండాదప్పా, మీ మిషనుకు అదీ లేదు" అన్నాడు ఆనేకల్ నేతగాడొకాయన.

వైవా రోజున ఒక పెద్ద డాక్టరుగారు "నర్సుకు డాక్టరేటు దేనికయ్యా?" అన్నారు. వెనక వరుసలో, ఆకుపచ్చ పట్టుచీరలో మేడం చల్లగా నవ్వుతూ కూర్చున్నారు. ఆ నవ్వు చూసి ఊపిరి పీల్చుకుని, "మీరడిగితే రోగులు బాగుందనే చెబుతారు సార్. బాగాలేదని చెప్పించడం నేర్చుకోవడానికి" అన్నాను. హాలు చప్పట్లకు కప్పు లేచిపోయింది. ఆ రోజు నుంచి వార్డులో నేను డాక్టర్ బ్రదర్‌ని.

కప్పు లేవలేదని మీకు తెలుసు. చప్పట్లు నిజమే, కాస్త సన్నగా మోగాయి. నేను కల్పించింది పట్టుచీర. ఆ వెనక వరుసలో ఎవరూ లేరు. ఆ పూట నాకు సెలవు దొరకలేదు. ఆ వయసులో మేడం యూనిఫాం తొడుక్కుని, వార్డులో నా డ్యూటీ చేస్తున్నారు.

ఇప్పుడు నా విద్యార్థుల వైవా రోజున వాళ్ల రోగుల మంచాల దగ్గర నేనుంటాను.