టిక్కుమంటే బతికున్నట్టే

టైమెంతయిందని అడిగితే నాలుగూ నలభై అయిదని చెప్పడం ఆయనకి చేతకాదు. "పావు తక్కువ అయిదు" అంటాడు. అందుకే వీధి వీధంతా ఆయన్ని పావుతక్కువాయన అంటుంది. ఆ తగ్గిన పావు ఎక్కడ తగ్గిందో మాత్రం ఎవరూ పైకి అనరు.

ముప్ఫై ఒక్క ఏళ్లుగా గడియారాల రిపేరు. ఆయన లోపల కూర్చుంటే వచ్చినవాళ్లు బయటే నిలబడాలి, కొట్టు అంత ఇరుకు. కంటికి భూతద్దం బిగించుకునేది చూసేవాళ్ల కోసమే గాని, అసలు వైద్యమంతా చెవితోనే. గడియారం చెవికి ఆనించి, కళ్లు మూసుకుని, "ప్రాణం ఉంది" అనో "పోయింది" అనో తేల్చేస్తాడు. ఈ పాండిత్యాన్ని కొట్లోనే పెట్టి తాళం వేసి రావచ్చుగా? రాడు. ఇంట్లో ఫ్యానుకీ, కుళాయికీ, పక్కింటాయన మోకాలికీ కూడా చెవి ఒగ్గుతాడు. చప్పుడు చేసేదేదైనా ఆయన దృష్టిలో ఆరోగ్యంగా ఉన్నట్టే.

ఆ ఇంట్లో పదకొండేళ్ల కంప్యూటర్ ఒకటుంది. వాడేది భార్య. ఈమధ్య దానికి ముసలితనం ముంచుకొచ్చింది. ఫైలు తెరవమని మీట నొక్కి, కూర తరిగి పొయ్యి మీద పడేసి వచ్చినా ఇంకా తెరుచుకుంటూనే ఉండేది. నడుమ బిగుసుకుపోయేది. ఉన్న ఫైలు లేదనేది, కాసేపయ్యాక ఉందనేది. ఆవిడ మొత్తుకుంటే, "నేను మాత్రం పిలవగానే లేస్తున్నానా?" అని నవ్వేవాడు. ఓ రోజు దాని లోపల్నుంచి టిక్, టిక్ అని మొదలైంది. ఈయన చెవి ఆనించాడు. మొహం చాటంత అయింది.

"ఏమే, ఇన్నాళ్లకి దీనికి నాడి దొరికింది! ఎంత తూకంగా కొట్టుకుంటోందో విను."

"మరి ఫైలు తెరుచుకోదేమండీ?"

"నాడి ఆడుతోందిగా, అదే తెరుచుకుంటుంది."

మూడు నెలలు ఆ నాడి వింటూ మురిసిపోయాడు మహానుభావుడు.

ఆవిడ బాధ వేరు. అందులో ఆవిడ ప్రాణంగా చూసుకునే ఫైలు ఒకటుంది. పేరు "అత్తయ్య మాటలు". అత్తగారు సామెత లేకుండా తిట్టేది కాదు, తిట్టకుండా పూట గడిపేది కాదు. ఏనాటికైనా మొగుడికి చూపించి కడిగెయ్యాలని, కోడలు కచ్చకొద్దీ ప్రతి తిట్టూ తారీఖు వేసి మరీ రాసిపెట్టింది. రెండేళ్ల కిందట అత్తగారు పోయారు. అప్పట్నుంచి రోజూ సాయంత్రం అదే తెరిచి చదువుకుంటుంది, నవ్వుకుంటుంది, ముక్కు చీదుకుంటుంది. మొగుణ్ణి మాత్రం దగ్గరికి రానివ్వదు. దానికి ఇంకో కాపీ ఎక్కడా లేదు.

ఓ ఆదివారం భార్య చెల్లెలు, అంటే ఆయన మరదలు, వచ్చింది. ఆవిడకి కంప్యూటర్లు బాగుచేసే షాపుంది. గుమ్మంలో ఒక చెప్పు విప్పి, రెండోది విప్పబోతూ ఆ చప్పుడు వింది. ఒంటి చెప్పుతోనే లోపలికి పరిగెత్తి కంప్యూటర్ ఆపేసింది.

"బావగారూ, ఇది ఎన్నాళ్ల నుంచి?"

"మూడు నెలలు. బాగుంది కదూ?"

"బాగుండడమా! గడియారం టిక్కుమంటే నడుస్తున్నట్టు. హార్డ్ డిస్కు టిక్కుమంటే, రాసింది ఎక్కడుందో దొరక్క లోపల తల బాదుకుంటున్నట్టు. మీ ఇంట్లో పడ్డాక ఎవరైనా అంతే అనుకోండి."

"నా కొట్లో నూరేళ్ల గడియారం ఉందమ్మాయ్, ఇంకా తిరుగుతోంది."

"అందులో అక్క రాసుకున్నవేమీ లేవుగా! అయిదేళ్లు దాటాక దీన్ని నమ్మకూడదు. నెమ్మదించినప్పుడే మార్చాలి. ఫైలు లేదని అబద్ధమాడినప్పుడైనా మార్చాలి. మీరు అది తల బాదుకునేదాకా ఆగి, పైగా దానికి తాళం వేశారు."

పావుతక్కువాయనకి భార్య వైపు చూసే ధైర్యం లేకపోయింది.

మరదలు షాపుకెళ్లి కొత్త డిస్కు తెచ్చింది. పాతదాన్ని బయటికి తీసి తీగ తగిలించింది. "ఇది ఇంకొక్కసారి లేస్తే మన అదృష్టం. లేచిన కాసేపట్లోనే కావలసింది లాగేసుకోవాలి. ఏది ముందు?"

అందులో దాచుకున్న తన గడియారాల ఫోటోలని అనబోయి, ఆయన భార్య వైపు చెయ్యి చూపించాడు.

"అత్తయ్య మాటలు" అంది భార్య.

పాత డిస్కు లేచింది. టిక్, టిక్. కాపీ సగానికి వచ్చి ఆగింది. ఆవిడ కొంగుతో మొహం కప్పుకుంది. ఆయన మాత్రం, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, ఆ చప్పుడు ఆగిపోవాలని దణ్ణం పెట్టుకున్నాడు. టిక్కు ఆగింది. కాపీ కదిలింది. మరికాస్త కదిలింది. అయిపోయింది.

"తెరుచుకుంటుందో లేదో చూడండి" అంది మరదలు.

"నావల్ల కాదు, మీరే చూడండి" అంది భార్య కొంగులోంచి.

ఆయన తెరిచాడు. అన్నీ వచ్చాయి. అన్నం మాడ్చి, తప్పుని పొయ్యి మీదికి నెట్టినందుకు "ఆడలేక మద్దెల ఓడు" అందిట అమ్మ. కోడలు కొత్త చీర కడితే "చింత చచ్చినా పులుపు చావలేదు" అందిట. జూన్ రెండున, "మావాడికి గడియారాలు తెలుసు గానీ టైము తెలీదు". దాని పక్కన బ్రాకెట్లో కోడలి మాట: ఇది మాత్రం నిజం. ఆయన పకపకా నవ్వాడు. నవ్వుతూనే చివరిదాకా వెళ్లాడు.

అక్కడ అమ్మ మంచాన పడి, మాట తగ్గిపోయిన చివరి వారాలున్నాయి.

"ఇవాళ అత్తయ్య ఏమీ అనలేదు."

మర్నాడూ అదే. ఆ మర్నాడూ అదే. అలా పద్దెనిమిది రోజులు. ఆఖరిది:

"ఇవాళ జావలో కావాలనే ఉప్పు ఎక్కువ వేశాను. అయినా ఏమీ అనలేదు."

ఆ తర్వాత ఏమీ లేదు. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"వచ్చిందా అండీ?" అంది భార్య, కొంగు తియ్యకుండానే.

"వచ్చిందే" అన్నాడు. "ఉప్పుతో సహా వచ్చింది."